గిది నాది, ముట్టకు

మొన్న ఆదివారం మా అమ్మాయి కబడ్డీ జెర్సీ ఇస్త్రీ చేస్తున్నాను. ఫోను మోగితే అటు తిరిగాను. చెయ్యి జరిగి, వీపు మీది ప్లాస్టిక్ అంకెకు ఇస్త్రీపెట్టె తగిలింది. చుయ్‌మని చిన్న చప్పుడు. కాలీకాలని రంగు, వేడెక్కిన గుడ్డ కలిసిన వాసన గుప్పుమంది. అంకెకు పెద్దగా ఏమీ కాలేదు, అంచు కొంచెం ముడుచుకుంది, అంతే. కానీ నా మొహం చూసి మావారు "ఏమైంది, చెయ్యి కాలిందా?" అని పరుగెత్తుకొచ్చారు. లేదన్నాను. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు సంపూర్ణ టీచర్ గుర్తొస్తుందనీ, ఆమె వెంటే ఎనిమిదేళ్ళ పిల్ల చిరిగిన గోరు గుర్తొస్తుందనీ, ఇన్నేళ్ళయినా నా మొహం అలాగే అవుతుందనీ నిలబడ్డపాటున ఎలా చెప్పను? అందుకే ఇది రాస్తున్నాను.

సంపూర్ణ టీచర్ ఇల్లు సరూర్‌నగర్‌లో, చెరువు వైపు పోయే ఒక సందులో, మేడ మీద రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల మీద కటింగ్ మెషిన్ ఉండేది. చూడటానికి కుట్టుమిషను పైభాగమంత ఉంటుంది. కంప్యూటరులో గీసిన గీతల వెంబడి లోపలి చిన్న బ్లేడు రంగు షీటును కోసుకుంటూ పోతుంది. అక్కర్లేని ముక్కలన్నీ సూదితో పీకేసి, మిగిలిన బొమ్మను గుడ్డ మీద పరిచి ఇస్త్రీపెట్టెతో నొక్కితే అతుక్కుపోతుంది. గుడ్డసంచులు, పెన్సిలు పౌచులు, చిన్న పర్సులు, జడ క్లిప్పులు, ఏది తెచ్చినా దాని మీద పేరో పువ్వో పిట్టో పడేది. దిల్‌సుఖ్‌నగర్‌లో బైకులకు స్టిక్కర్లు వేసే రేడియం షాపతను పెద్ద మెషిన్ కొనుక్కుని పాతది అమ్మేస్తుంటే ఆమె తెచ్చుకుంది.

నేను అప్పుడు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. నాకు మూడేళ్ళప్పుడు నాన్న ఎల్బీనగర్ వచ్చి లారీ స్పేర్‌పార్టుల షాపులో గుమాస్తాగా చేరారు. నేను పెరిగిందంతా ఇక్కడే అయినా ఇక్కడి మాట మా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. పొరపాటున "ఏంది" అన్నానంటే మా అమ్మ "మళ్ళా ఆ మాటన్నావంటే మూతి పగులుద్ది" అనేది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరులో నా పక్కన కూర్చునే అమ్మాయి సంచి మీద ఆమె పేరు, అచ్చం చేత్తో రాసినట్టు, నీలం రంగులో మెరుస్తుండేది. ఎక్కడ చేయించావని అడిగి, చిరునామా రాసుకుని, ఒక సాయంత్రం ఆ మేడ మెట్లెక్కాను.

"పని కావాల్నా, సంచి కావాల్నా?" అంది ఆమె, నన్ను చూడగానే.

"పనేనండీ."

"గా 'అండీ' మంచిగుంది. ఉండనియ్యి. జర గిట్ల కూసో."

అప్పటికి ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. ఊరు నల్గొండ జిల్లాలో, బావినీళ్ళు ఎముకలను తినేసే పల్లె. చిన్నప్పుడు తాగిన ఆ నీళ్ళకు ఆమె పళ్ళు గోధుమరంగు తిరిగాయి, వేళ్ళు సగమే ముడుచుకునేవి. కత్తెర పట్టుకుంటే రెండు నిమిషాలకు చెయ్యి పట్టేసేది. అందుకే మెషిన్ కొనుక్కుంది. కానీ ఆమె అసలు పని అది కాదు. చంపాపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళు తెలుగు చెప్పింది. పిల్లలు ఒక్క ఒత్తు మరిచిపోయినా ఊరుకునేది కాదట. అలాంటి మనిషిని ఒకరోజు కరస్పాండెంటు పిలిచి, "మీరు పాఠం బాగా చెప్తారు. కానీ మీ మాటే... పేరెంట్స్‌కి నచ్చడం లేదు. నవ్వినా కాస్త చూసుకోవాలి" అన్నాడట. నవ్వినా! ఆ పళ్ళనే అన్నాడు. తెలుగు క్లాసులు తీసేసి క్రాఫ్ట్ క్లాసులిచ్చారు, కాగితప్పూలు కత్తిరించడానికి. కత్తెర పట్టలేని మనిషికి. ఏడాది చేసి మానేసింది. ఇదంతా నాకు ఆమె చెప్పలేదు, సందులోవాళ్ళు చెప్పారు. అదేంటి టీచర్, ఎందుకు ఊరుకున్నారు అని అడిగితే, "ఊకోలే. ఎల్లొచ్చిన కదా" అని సూది నా చేతిలో పెట్టింది.

ఆ కంప్యూటరుకు తెలుగు సరిగా రాదు. ఒత్తులు ఎక్కడెక్కడో పడేవి. అందుకని టీచర్ ప్రతి మాటా బ్రష్షు పెన్నుతో తెల్లకాగితం మీద రాసి, దాన్ని స్కాన్ చేసి కోయించేది. ముడుచుకోని ఆ వేళ్ళ మధ్య పెన్ను ఎలా నిలిచేదో గానీ అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి. ఇంగ్లీషు అక్షరం కోసినంత సులువు కాదు తెలుగు. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. సూదితో చెత్త పీకేటప్పుడు చెయ్యి కాస్త తొందరపడితే తలకట్టు కూడా లేచొస్తుంది. మొదటి వారం నేను ఎన్ని తలకట్లు ఊడబీకానో లెక్కలేదు. ఆమె తిట్టేది కాదు. ఊడిన ముక్కను సూది మొనతో ఎత్తి నా ముందు పెట్టి, "గిదెవరిదో సూడు, దాని జాగల దాన్ని వెట్టు" అనేది.

నేను చేరిన మూడో నెలలో యాదమ్మ అనే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చంపాపేటలో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కూతురు శ్రావణి నాలుగో తరగతి, టీచర్ మానేసిన ఆ స్కూల్లోనే. బడిసంచి మీద ఏదైనా రాయించుకుంటానని ఏడుస్తోందని తెచ్చింది. టీచర్ తల్లిని అడగలేదు. వంగి పిల్లనే అడిగింది.

"ఏం రాయాల్నే నీ సంచి మీద?"

"గిది నాది, ముట్టకు" అంది పిల్ల, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "మా అన్న రోజు నా పెన్సిల్ ఎత్కపోతడు."

టీచర్ పకపకా నవ్వి, కాగితం మీద రాసి నాకిచ్చి, చేతికి మందు రాయించుకోవడానికి దవాఖానకు వెళ్ళింది. నేను ఆ కాగితం చూశాను. బడిపిల్ల సంచి కదా, ఇలా ఉంటే ఎలా అనుకున్నాను. మంచిపనే చేస్తున్నాననుకున్నాను కూడా. ఇంకో కాగితం మీద "ఇది నాది, ముట్టుకోకు" అని రాసి, స్కాన్ చేసి, కోసి, శుభ్రంగా అతికించాను. ఒక్క తలకట్టూ ఊడలేదు.

సాయంత్రం తల్లీకూతుళ్ళు వచ్చారు. శ్రావణి సంచి ఒళ్ళో పెట్టుకుని వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చదివింది. మళ్ళీ చదివింది. తలెత్తి, "గిది నాది కాదు" అంది.

"నీదేనమ్మా, చూడు."

"నేను గట్ల అనలే" అని సంచిని బల్ల మీదికి నెట్టేసింది. యాదమ్మ కంగారుపడి, "ఊకోయే, మేడం మంచిగనే రాసింది. మనకే రాదు" అంది, నా వైపు చూసి నవ్వుతూ. ఆ 'మనకే రాదు' అన్న మాట అప్పుడే మెట్లెక్కి వస్తున్న టీచర్ చెవిన పడింది. ఆమె సంచి తీసి చూసింది. నా వైపు తిరిగింది.

"ఎందుకు మార్చినవ్?"

"తప్పుంది కదండీ. సరిచేశాను."

"తప్పని ఎవరు చెప్పిండ్రు?"

నిజంగానే ఎవరు చెప్పారో నాకు తెలియదు.

"గా పిల్ల పేరు శ్రావణి. నీకు శ్రావ్య మంచిగనిపిస్తే శ్రావ్య అని కొడ్తవా? ఒత్తు తప్పు రాస్తే దిద్దు, నేనే దిద్దుత. మాట్లాడుడు తప్పెట్లయితది స్వాతీ? మీ అమ్మ ఫోనుల 'పగులుద్ది' అంటది, నేను ఎన్నడన్న దిద్దిన్నా?"

యాదమ్మ ముందు నా మొహం ఎర్రబడింది. ఆ నిమిషంలో టీచర్ మీదే కోపం వచ్చింది నాకు. ఆమె కొత్త సంచి తీసి, నాతోనే మళ్ళీ కోయించింది. శ్రావణి దాన్ని భుజాన వేసుకుని మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగిపోయింది.

నెల తిరక్కుండా ఆ క్లాసు పిల్లలు ఒక్కొక్కరే రాసాగారు. పౌచు మీద ఒకరికి 'జర ఆగు', ఒకరికి 'నేను రాను పో', ఇంకొకరికి 'ఆకలైతుంది'. ప్రతి పిల్లనూ టీచర్ అదే అడిగేది, ఏం రాయాల్నే అని. ముప్పై పైనే చేశాం. అన్ని నెలలు ఆ గదిలో పనిచేశాను గానీ ఆమె అంత సంతోషంగా ఉండటం అప్పుడే చూశాను. తీసేసిన తెలుగు క్లాసు మళ్ళీ దొరికినట్టుండేది ఆమెకు.

తర్వాత ఒక పొద్దున యాదమ్మ ఒక్కతే వచ్చింది. శ్రావణి సంచి తీసి బల్ల మీద పెట్టింది. 'గి' పూర్తిగా లేదు. 'ముట్టకు' సగం చిరిగి వేలాడుతోంది. ప్రేయరులో కరస్పాండెంటు ఆ సంచి చూసి శ్రావణిని ముందుకు పిలిచాడట. "ఇలాంటి మొరటు భాష నా స్కూల్లో కనిపించకూడదు" అని, అందరి ముందూ అక్షరాలు పీకమన్నాడట. వేడికి అతుక్కున్న అక్షరాలు గోటితో ఊడి రావు. ప్రేయరయి, పిల్లలందరూ వరుసల్లో క్లాసులకు వెళ్ళిపోతున్నా ఆ పిల్ల గచ్చు మీద కూర్చుని పీకుతూనే ఉందట. చూపుడువేలి గోరు సగానికి చిరిగిపోయింది. మిగతా పిల్లలు పౌచులు చొక్కాల్లో దాచేసుకున్నారు.

"నాదే తప్పు టీచర్. నేను వద్దనాల్సుండె" అంది యాదమ్మ.

"నీ తప్పు కాదు" అంది టీచర్. చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్ళి చర్చికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. "పా" అంది నాతో.

స్కూల్లో కరస్పాండెంటు గది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అద్దాల బీరువాలో కప్పులు, బల్ల మీద గాజు పేపరువెయిటు. కరస్పాండెంటు మర్యాదగా లేచాడు.

"రండి సంపూర్ణ గారూ, కూర్చోండి. చాలా రోజులైంది."

"కూసోను సార్. శ్రావణి గోరు సూసిండ్రా?"

"క్రమశిక్షణ అండీ. పిల్లలకు ఆ భాష ఎక్కడి నుంచి వస్తోందని తల్లిదండ్రులు నన్నడుగుతారు, మిమ్మల్ని కాదు."

"ఏ భాష సార్? మీ అమ్మగారు ఓసారి ఊరి నుంచి స్కూలుకొచ్చింది. మీరు మీటింగుల ఉంటే నేనే కూసోవెట్టి చాయ్ తాపిన. గంటసేపు ముచ్చట వెట్టింది. ఆమె ఎట్ల మాట్లాడ్తదో నాకెరుక. గా భాషతోనే మిమ్మల్ని సాదింది. ఆమె మాటలు గూడ గోటితోని పీకిపిస్తరా?"

ఆయన మొహం మాడిపోయింది. నా వైపు తిరిగాడు. "మీరెవరమ్మా? ఎక్కడివాళ్ళు?"

"తెనాలి దగ్గరండీ."

"చూశారా, ఎంత చక్కగా ఉందో ఆ మాట! పోనీ మీరే చెప్పండమ్మా. అలాంటి మాటలు చిన్నపిల్లల సంచుల మీద బాగుంటాయా?"

టీచర్ నా వైపు చూడలేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదనే చూడలేదని ఇప్పుడు అర్థమవుతోంది. బాగుంటాయండీ, ఆ మాటలు కోసింది నేనే అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను పేపరువెయిటు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన నవ్వాడు. "చూశారుగా" అన్నాడు.

చంపాపేట రోడ్డు మీద ఇద్దరం నడిచాం. ఒక బడ్డీకొట్టు దగ్గర ఆమె ఆగి నీళ్ళు తాగింది. నన్ను పనిలోంచి తీసేస్తుందేమో అనుకున్నాను. అదే అడిగాను.

"ఎందుకు తీస్త?" అంది. "గాయన నన్ను తిట్టిండు, గది నాకు అలవాటే. నిన్ను మెచ్చుకున్నడు సూడు, అసలు తిట్టు గది. నీకు తెలువలే. రేపు పొద్దుగాల జల్ది రా, పనుంది."

యాదమ్మ ఆ ఏడాది చివర్లో పిల్లను సర్కారు బడికి మార్చేసింది. నేను ఆ మెప్పును మోసుకుంటూ తిరిగాను. ఆయన ఎంత తేలిగ్గా నన్ను వాడుకున్నాడు! నా నోట్లోని మాటను రాయిలా తీసి ఆమె మీద విసిరాడు. నేను విసరనిచ్చాను.

ఆ చలికాలానికి ఉద్యమం రోడ్డెక్కింది. బంద్‌లు, ర్యాలీలు. బస్సులుండేవి కావు. ఎల్బీనగర్ నుంచి నడిచి వచ్చేదాన్ని. నాన్న రోజూ పేపరు మడిచి, "ఇంకెన్నాళ్ళు పోతావే అక్కడికి? ఎవరన్నా ఏమన్నా అంటే?" అనేవారు. అననే అన్నారు. సందులో కుర్రవాళ్ళు ముగ్గురు సభకు వెళ్ళేవాళ్ళకు జై తెలంగాణ సంచులు కావాలని వచ్చారు. ముగ్గురూ ఒకప్పుడు టీచర్ దగ్గర చదువుకున్నవాళ్ళే. వాళ్ళలో నరేశ్ అనే అతను నేను మాట్లాడటం విని, గొంతు తగ్గించకుండానే అన్నాడు.

"జై తెలంగాణ సంచులు ఆంధ్రామె కోసుడేంది టీచర్? ఇంకెవలు దొరకలేదా? గామెను పంపియ్యున్రి."

నా చేతిలో సూది ఆగిపోయింది. చెప్పులు ఎక్కడ విడిచానా అని చూస్తున్నాను.

టీచర్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "నరేశ్, ఆరో తరగతిల నువ్వు తలకట్టు లేకుంట రాసెటోనివి. నీ సంచుల మీద తలకట్టు ఊడకుంట పీకెటిది గీ పిల్లనే. నా మాట మొరటన్నోని రూముల నిలబడి అడిగొచ్చిన. ఇప్పుడు నువ్వొచ్చి నా ఇంట్ల ఎవరు ఏ ఊరోళ్ళని అడుగుతున్నవ్. ఆయనకు నీకు ఏం ఫరక్? తెలంగాణ నాకు గూడ కావాలె, నీ కన్న ఎక్కువనే కావాలె. గని మనిషిని లేపి ఎల్లగొట్టుడు నా ఇంట్ల నడ్వది. సంచులు కావాలంటే కూసో. లేకుంటే పో."

అతను కూర్చున్నాడు. ఆ సంచులన్నీ నేనే కోశాను. ఆమె కోసం ఒక్క మాట అనలేకపోయిన నా కోసం ఆమె సొంత శిష్యులతో తగువు పెట్టుకుంది.

నేనింకా టీచర్ దగ్గరే పనిచేస్తుండగా, నాలుగైదేళ్ళకు రాష్ట్రం వచ్చింది. వచ్చిన ఏడాదే, ఒక మధ్యాహ్నం, కరస్పాండెంటు స్వయంగా మా మెట్లెక్కాడు. పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది. మనిషి మారలేదు, మాట మారింది.

"ఎట్లున్నరు టీచర్? మంచిగున్నరా? స్కూల్ల సంబురాలు చేస్తున్నం. పిల్లలకు మన యాసల రాసిన సంచులియ్యాలె. 'జర ఆగు', గట్లాంటివి. మీ తీరు ఎవరు రాస్తరు?"

టీచర్ కుర్చీ చూపించింది. నెమ్మదిగా అంది. "రాస్త సార్. పైసలు తీసుకోకుంట ఉత్తగనే రాస్త. శ్రావణిని ఏ ప్రేయర్ల నిలవెట్టిండ్రో గదే ప్రేయర్ల పిల్లను పిలిచి, తప్పైందని చెప్పున్రి."

ఆయన నవ్వాడు. "పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు? అప్పటి కాలమట్లుండె."

"కాలం కాదండీ, మీరే" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ పిల్ల చేత పీకించింది మీరు. ఆ రోజు నన్నడిగారు, బాగుంటాయా అని. బాగుంటాయి. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇక్కడ మెషిన్ మీద కోసేది నేను. మీ స్కూలుకు కొయ్యను."

ఆయన టీచర్ వైపు చూశాడు, సర్దిచెప్తుందేమోనని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన దిగిపోయాడు.

న్యాయం జరిగిందనుకునేరు. ఏమీ జరగలేదు. సంచులు ఇంకెక్కడో చేయించుకున్నాడు. వేదిక మీద నిలబడి, మన యాస మన తల్లి అని, దాన్ని కాపాడుకోవాలని మాట్లాడితే జనం లేచి చప్పట్లు కొట్టారట. శాలువా కప్పారట. పదకొండేళ్ళు అక్కడ తెలుగు చెప్పిన మనిషికి రమ్మని కబురైనా లేదు. యాదమ్మ వచ్చి ఇదంతా చెప్తుంటే టీచర్ విని, "శ్రావణి ముచ్చట ఎవ్వరన్న తీసిండ్రా?" అని మాత్రం అడిగింది. లేదంది యాదమ్మ. టీచర్ ఆ రోజంతా పెన్ను పట్టలేదు.

తర్వాత్తర్వాత ఆమె వేళ్ళు బొత్తిగా కదలకుండా పోయాయి, నడుమూ బిగుసుకుపోయింది. ఊరికి తీసుకెళ్ళారు. పోయేముందు మెషిన్ నాకిచ్చి, "తెలుగు నువ్వే చేత్తోని రాయాలె, కంప్యూటరును నమ్మకు" అంది. నాలుగేళ్ళ క్రితం చనిపోయింది. ఇప్పుడు ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే నేనా పని చేస్తున్నాను. వచ్చినవాళ్ళు ఎలా చెప్తే అలాగే రాస్తాను, గుంటూరు మాటైనా, నల్గొండ మాటైనా.

కిందటి నెల అత్తగారిని చూపించడానికి ఆసుపత్రికి వెళ్ళాను. చీటీలిచ్చే కౌంటరు దగ్గర నా ముందు ఒక ముసలావిడ నిలబడి ఉంది. "మోకాళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా, ఏ డాక్టరు దగ్గరికి పోవాలె?" అంది. లోపలి అబ్బాయి పక్కవాడి వైపు చూసి నవ్వి, "గుంజడమేంటి? సరిగ్గా మాట్లాడు" అన్నాడు. ఆవిడ ఇంకో మాట కోసం వెతుక్కుంటోంది, దొరకడం లేదు.

"సరిగ్గానే మాట్లాడుతోంది" అన్నాను నేను ముందుకు జరిగి. "మీకు ఏ మాట అర్థం కాలేదో చెప్పండి."

అతను తెల్లమొహం వేశాడు. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "ఊకో బిడ్డా, లొల్లి వద్దు, నా పని కానియ్" అంది.

నేను ఊరుకోలేదు. అతను నవ్వు ఆపి, ఆవిడను ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి అని మర్యాదగా అడిగి, చీటీ రాసి చేతికిచ్చేదాకా ఆ కౌంటరు దగ్గరే నిలబడ్డాను.